స్టెంట్ వేయడంతో వైద్యం పూర్తికాదు

మద్యం వల్లో, పిత్తాశయంలోని రాళ్ల వల్లో క్లోమం వాచిన కొన్ని వారాలకు దాని చుట్టూ నీటితిత్తి ఏర్పడటం గ్యాస్ట్రో వార్డుల్లో తరచూ కనిపించేదే. తిన్నది ఇమడదు. పైపొట్ట ఉబ్బుతుంది. నొప్పి వీపులోకి పాకుతుంది. ఒకప్పుడు పొట్ట కోసి, తిత్తిని జీర్ణాశయానికి కలిపి కుట్టేవారు. ఇప్పుడు నోట్లోంచి ఎండోస్కోపు దింపి, దాని కొసనున్న అల్ట్రాసౌండ్‌తో గోడ అవతలి తిత్తిని చూస్తారు. రక్తనాళాలు అడ్డురాని చోట సూది గుచ్చి, తిత్తికీ జీర్ణాశయానికీ మధ్య స్టెంట్ అమరుస్తారు. లోపలి ద్రవం జీర్ణాశయంలోకి దిగిపోతుంది. ఒంటి మీద గాటు ఉండదు.

అల్ట్రాసౌండ్ చూపే దారిలో ఇలా చేయవచ్చని జర్మనీలోని హాంబర్గ్ వైద్యులు 1992లో రాశారు. శ్యామ్ వరదరాజులు బృందం అమెరికాలో 40 మంది రోగులపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో శస్త్రచికిత్స రోగులు ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంటే, ఎండోస్కోపీ రోగులు రెండు రోజులకే ఇంటికి వెళ్లారు. ఖర్చు కూడా సగానికన్నా తగ్గింది. అయితే క్లోమం కుళ్లి, చీము పట్టిన రోగుల సంగతి వేరు. నెదర్లాండ్స్‌లో చేసిన, 2018లో వెలువడిన టెన్షన్ ట్రయల్‌లో ఎండోస్కోపీ వల్ల మరణాలు, పెద్ద ఉపద్రవాలు తగ్గలేదు. క్లోమరసం బయటికి కారే ఫిస్టులా మాత్రం 32 శాతం నుంచి 5 శాతానికి పడిపోయింది. ఇది చిన్న మేలు కాదు. కానీ కోత లేదు కాబట్టి ప్రమాదమూ లేదని రోగి కుటుంబానికి చెప్పడం మాత్రం తప్పు.

తిత్తి కనిపించగానే గుచ్చాలనే తొందర ఇంకా పెద్ద తప్పు. దాని గోడ గట్టిపడటానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. చీము పట్టిన రోగుల్లోనూ ఓపిక పనికొస్తుందని 2021 నాటి పాయింటర్ ట్రయల్ చూపింది. వేచి చూసిన వర్గంలో 39 శాతం మందికి యాంటీబయాటిక్స్‌తోనే నయమైంది, ట్యూబు వేయాల్సిన అవసరమే రాలేదు. బాధపెట్టని తిత్తి పెద్దదైనా తనంతట తానే తగ్గిపోవచ్చు. క్లోమం ఎన్నడూ వాచని మనిషికి వేరే కారణంతో తీసిన స్కాన్‌లో సిస్టు బయటపడితే అది కణితి జాతిది కావచ్చు. క్యాన్సర్‌గా మారే గుణం దానికి ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. దానికి స్టెంట్ వేసి ద్రవం తోడేయడం వైద్యం కాదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది స్టెంట్ వేశాక జరిగేది. ద్రవం మాత్రమే ఉన్న తిత్తికి చాలాసార్లు సన్నటి ప్లాస్టిక్ స్టెంట్లు సరిపోతాయి. కుళ్లిన కణజాలం ఉంటే లోహపు స్టెంట్ వేస్తారు. అది దారం కండె లాగా రెండు కొసల్లో వెడల్పుగా, నడుమ సన్నగా ఉంటుంది. అందులోంచి ఎండోస్కోపును తిత్తిలోకే పోనిచ్చి చచ్చిన కండను తీసేయవచ్చు. తిత్తి ఖాళీ అయ్యేకొద్దీ దాని వెనుక గోడ ముందుకు వచ్చి స్టెంట్ అంచుకు రాసుకుంటుంది. ఆ గోడలోనే రక్తనాళాలు ఉంటాయి. ఒరుసుకుని ఒరుసుకుని ఒకటి తెగిందంటే ప్రాణం మీదికి వస్తుంది. అమెరికాలోని ఓర్లాండోలో లోహ, ప్లాస్టిక్ స్టెంట్లను పోల్చే అధ్యయనం నడుస్తుండగానే ఇలాంటి రక్తస్రావాలు కనబడ్డాయి. దాంతో అక్కడి వైద్యులు పద్ధతి మార్చుకుని, మూడు వారాలకు సీటీ తీసి, తిత్తి మూసుకుపోయి ఉంటే స్టెంట్ తీసేయడం మొదలుపెట్టారు.

ఆ మూడు వారాలకు రోగి ఎలా ఉంటాడు? నొప్పి పోయింది, అన్నం సహిస్తోంది, మళ్లీ పనిలో పడ్డాడు. చేతిలోని డిశ్చార్జి కాగితంలో, మందుల పేర్ల కింద, మళ్లీ రమ్మని ఇంగ్లిషులో ఒక్క వాక్యం ఉంటుంది. శ్రీకాకుళం పల్లె నుంచి విశాఖకో, ఆదిలాబాద్ తండా నుంచి హైదరాబాద్‌కో మళ్లీ రావాలంటే తోడు ఒక మనిషి కావాలి, ఇద్దరి కూలీ పోవాలి. బాగానే ఉన్నాం కదా అనుకుని అతను ఆగిపోతే ఆ తప్పు అతనిది కాదు.

స్టెంట్ తీశాక ఏమవుతుందన్నది కూడా ముఖ్యమైన ప్రశ్నే. క్లోమనాళం తెగిపోయిన రోగులకు లోహపు స్టెంట్ తీసి ప్లాస్టిక్‌ది వేస్తే తిత్తి తిరిగి రాకుండా ఉంటుందా అని హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు పరిశీలించారు. మూడు నెలల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2022లో తేల్చారు. ఇక్కడి రోగులను వారాలు, నెలలు వెంటాడి చూస్తేనే ఇలాంటి జవాబులు దొరుకుతాయి.

అందుకే స్టెంట్ వేసిన ప్రతి ఆసుపత్రీ రిజిస్టరు పెట్టాలి. తీయాల్సిన తేదీని పెద్ద అక్షరాల్లో, తెలుగులో కార్డు మీద రాసివ్వాలి. ఆ తేదీకి రోగి రాకపోతే ఫోన్ చేయాలి, ఫోన్ కలవకపోతే ఆ ఊరి ఆశా కార్యకర్తకు కబురు పెట్టాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకాలు స్టెంట్ వేయడాన్ని, తర్వాతి సీటీని, తీయడాన్ని, రానుపోను ఛార్జీలను ఒకే ప్యాకేజీగా లెక్కగట్టాలి. రాళ్ల వల్ల వచ్చిన జబ్బయితే పిత్తాశయం తీసే ఆపరేషన్‌కు, మద్యం వల్లనైతే మాన్పించే కేంద్రానికి కూడా అదే కార్డు మీద తేదీ వేయాలి. వీటిలో దేనికీ కొత్త యంత్రం అక్కర్లేదు. ఫైలు పట్టుకుని వెంటపడే ఒక కోఆర్డినేటర్‌ను నియమిస్తే చాలు, ఈ పని వచ్చే నెల నుంచే మొదలుపెట్టవచ్చు.