కోడు రాయలేక ఫోను ఓడు

"మెమరీ చాలట్లేదా? మేనిఫెస్టులో లార్జ్ హీప్ ట్రూ అని పెట్టేయ్ బాస్, పోతుంది." ఆండ్రాయిడ్ మీద పనిచేసే వాళ్ళెవరూ ఈ మాట వినకుండా ఉండరు. నేనూ విన్నాను, నమ్మాను, చేశాను కూడా. అందుకే ఇదంతా రాస్తున్నా.

2021 సంగతి. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఒక క్లయింటుకి ఇళ్ళ సర్వే యాప్ చేస్తున్నాం. ఫీల్డులో తిరిగేవాళ్ళు ఒక్కో ఇంటికీ ఓ ముప్ఫై ప్రశ్నలు నింపి, నాలుగు ఫోటోలు తీసి పంపాలి. వాళ్ళకి జీతం లేదు, ఫారానికి ఇంత అని లెక్క. తూర్పు గోదావరి నుంచి ఒకావిడ రోజూ సపోర్టుకి ఫోన్ చేసేవారు. "సార్, నాలుగో ఫోటో తీయగానే బయటికి తోసేస్తోందండి. మళ్ళీ మొదట్నించీ అడుగుతుంటే ఇంట్లోవాళ్ళు విసుక్కుంటున్నారండి." మా వాళ్ళ సమాధానం ఏంటయ్యా అంటే, "మీ ఫోన్ పాతదండీ, మార్చండి". ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

ఆవిడది ఆండ్రాయిడ్ 7, రెండు జీబీ ర్యామ్. అలాంటి ఫోనే ఒకటి దొరికితే మెమరీ క్లాస్ ఎంతో చూశాను. 128 ఎంబీ. అంటే ఫోన్లో ఎంత ర్యామ్ ఉన్నా, ఒక యాప్ జావా హీప్ అంతకు మించి పెరగకూడదన్నమాట. ఇప్పుడు లెక్క చూడండి. 8 మెగాపిక్సెల్ ఫోటో, 3264 బై 2448. డిస్కు మీద జేపెగ్‌గా రెండు మూడు ఎంబీ ఉంటుంది, మనం దాన్నే చూసి ధైర్యంగా ఉంటాం. కానీ తెరమీద చూపించాలంటే దాన్ని విప్పాలి కదా, పిక్సెల్‌కి 4 బైట్లు. గుణిస్తే 3 కోట్ల 19 లక్షల బైట్లు, దాదాపు 30 ఎంబీ. మూడు ఫోటోలకి 90 దాటింది. నాలుగోదానికి చోటేదీ? ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం, నాలుగో ఫోటోకే పడిపోవాలి!

అసలు తమాషా ఏంటంటే, ఆ ఫోటోల్ని మేం చూపించేది అగ్గిపెట్టంత థంబ్‌నెయిల్‌గా. శాంపుల్ సైజు 8 అని ఇచ్చి డీకోడ్ చేస్తే 408 బై 306 వస్తుంది, అర ఎంబీలో అయిపోతుంది. అరవై నాలుగో వంతు. ఒక్క లైను.

ఆ ఒక్క లైను రాయడానికి ముందు మేం చేసిన ఘనకార్యాలు చెప్పాలి. మొదట ఒక సీనియర్ గారు డీకోడ్ చుట్టూ ట్రై పెట్టి ఎక్సెప్షన్‌ని క్యాచ్ చేశారు. అవుట్ ఆఫ్ మెమరీ అనేది జావాలో ఎక్సెప్షన్ కాదు, ఎర్రర్. కాబట్టి ఆ వల్లో పడదు. పోనీ పడినా లాభం లేదనుకోండి. ఎర్రర్ విసిరిన లైను తప్పు చేసిన లైను కానక్కర్లేదు, నిండిన బస్సులో చివర ఎక్కబోయినవాడు మాత్రమే.

తర్వాత లార్జ్ హీప్. ఇది ఆండ్రాయిడ్ 3.0తో 2011లో వచ్చింది, నిజంగా పెద్ద బొమ్మలతో పనిచేసే ఫోటో ఎడిటర్ల లాంటి వాటికోసం. పెట్టగానే క్రాష్ రిపోర్టులు ఆగిపోయాయి. మీటింగులో చప్పట్లు. రెండ్రోజులకి మళ్ళీ ఆవిడ ఫోన్. "ఇప్పుడు బయటికి తోయట్లేదండి, కెమెరా నుంచి వెనక్కొస్తే ఫారం ఖాళీగా ఉంటోందండి."

ఏం జరిగిందంటే, కెమెరా తెరవగానే మన యాప్ వెనక్కి వెళ్తుంది. రెండు జీబీ ఫోన్లో కెమెరాకి చోటు చాలదు. అప్పుడు సిస్టమ్ వెనక ఉన్నవాటిని చంపుతుంది, బాగా బలిసిన ప్రాసెస్‌ని చంపితే ఎక్కువ చోటు దొరుకుతుంది మరి. దీనికి ఎక్సెప్షనూ లేదు, ఎర్రరూ లేదు, మా క్రాష్ రిపోర్టులో ఒక్క గీత కూడా పడలేదు. మా డ్యాష్‌బోర్డు పచ్చగా ఉంది, ఆవిడ ఫారం తెల్లగా ఉంది. నా దృష్టిలో క్రాష్ కంటే ఇదే ఘోరం. క్రాష్ అయితే కనీసం మనకి తెలుస్తుంది.

చివరికి హీప్ డంప్ తీశాం. ఒకే ఫారం తెర తాలూకు యాక్టివిటీలు ఐదున్నాయి. చాలామంది కెమెరాని అడ్డంగా పట్టుకుంటారు, వెనక్కొచ్చేసరికి తెర తిరిగి యాక్టివిటీ కొత్తగా పుడుతుంది. పాతది పోవాలి. కానీ ఎక్కడో ఒక స్టాటిక్ వేరియబుల్ దాన్ని పట్టుకుని వేలాడుతోంది, దాంతోపాటు దాని ఫోటోల్నీ. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, లీక్‌కానరీ పట్టేస్తుంది. సదరు స్టాటిక్ వేరియబుల్ రాసింది నేనే అని కూడా ఇక్కడే ఒప్పేసుకుంటున్నా.

శాంపుల్ సైజు పెట్టాం, లీకు తీశాం, ప్రతి జవాబునీ టైప్ చేసిన వెంటనే డేటాబేసులో దాచాం. లార్జ్ హీప్ తీసేశాం. మొత్తం మూడు రోజుల పని. అంతకుముందు "ఫోన్ మార్చండి" అంటూ గడిపింది ఐదు వారాలు. ఆ ఐదు వారాల్లో ఆవిడకి పోయిన ఫారాలకి ఎవరూ డబ్బివ్వలేదు.

ఇప్పుడు గ్లైడ్, కాయిల్ లాంటివి ఉన్నాయి, వ్యూ సైజు చూసుకుని అవే తగ్గిస్తాయి, ఈ గోలంతా ఎందుకంటారా? వాడండి, నేనూ వాడుతున్నా. ఆండ్రాయిడ్ 8 నుంచి బిట్‌మ్యాప్ పిక్సెళ్ళు జావా హీప్‌లో కాకుండా నేటివ్ మెమరీలో ఉంటున్నాయి, కాబట్టి ఆ పాత ఎర్రర్ కనపడటం కూడా తగ్గింది. కనపడటం తగ్గిందంతే. లీకైన యాక్టివిటీని ఏ లైబ్రరీ విడిపిస్తుంది? నేటివ్‌లో నిండినా వెనక్కి వెళ్ళగానే చంపేది అదే సిస్టమ్. ఇంటర్వ్యూల్లో లింక్డ్ లిస్టుని తిరగెయ్యమని అడుగుతాం గానీ, ఒక ఫోటో మెమరీలో ఎంత అవుతుందని నన్ను ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

మన బల్లల మీద ఉండేవి ఎనిమిది, పన్నెండు జీబీల ఫోన్లు. యాప్ వాడేవాళ్ళ చేతిలో ఉండేది వాళ్ళ పిల్లలు వాడి వదిలేసినవి. రిలీజుకి ముందు ఒక్క పూటైనా ఆ చిన్న ఫోన్లో, కెమెరా తెరిచి, అడ్డంగా తిప్పి చూడకుండా "టెస్టింగ్ అయింది" అనడం నాకు అబద్ధంగానే అనిపిస్తుంది.

టీముకి అలాంటి ఫోనొకటి కొనమని మెయిల్ పెడితే మూడు అప్రూవల్స్ కావాలన్నారు. విసుగొచ్చి అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి వెళ్ళి సెకండ్ హ్యాండ్‌ది నేనే కొనేశాను. ఆ కంపెనీ మారాను, ఫోన్ మాత్రం ఇంకా నా డెస్కు మీదే ఉంది. రీయింబర్స్‌మెంటు అయితే రాలేదు.