వెబ్‌సైటునకు మూడు తావులు

ఉన్నత పాఠశాలల విద్యార్థులు నేడు వెబ్‌సైటులను నిర్మింప నేర్చుకొనుచుండుట మిక్కిలి సంతోషింపదగిన విషయము. అయితే వారు మొట్టమొదట అడుగు ప్రశ్న, పుట అందముగా నుండుటకు ఏ రంగులు వేయవలె ననునది. నా యభిప్రాయమున దానికి ముందు అడుగవలసిన ప్రశ్న వేఱొకటి కలదు. ఈ పుటను ఎక్కడ వ్రాయవలెను? ఎక్కడ పరీక్షింపవలెను? ఎక్కడ లోకమునకు చూపవలెను? ఈ మూడు పనులును ఒక్కచోటనే జరుగుచున్నంతకాలము, ఆ వెబ్‌సైటు ఎంత సుందరమైనదైనను నమ్మదగినది కాజాలదు.

సర్వరు అనగానే పెద్ద యంత్రమును ఊహించుకొన నక్కఱలేదు. అడిగినవారికి పుటను అందించు కంప్యూటరే సర్వరు. ఆ పని చేయు సాఫ్ట్‌వేరునకును అదే పేరు. 1990 సంవత్సరాంతమున సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ నడిపిన ప్రథమ వెబ్ సర్వరు ఆయన వాడుకొనుచుండిన నెక్స్ట్ కంప్యూటరే. ఇది సర్వరు, దీనిని ఆపివేయవలదని ఎఱ్ఱసిరాతో వ్రాసిన చీటి యొకటి దానిమీద అంటింపబడి యుండెను. వ్రాయు యంత్రమును, లోకమునకు చూపు యంత్రమును ఒక్కటే యైనచో ఎంత భయముతో మెలగవలసి వచ్చునో ఆ చీటియే చెప్పుచున్నది.

ఈ పత్రిక సంగతియే చూడుడు. వ్యాసము మొదట చిత్తుప్రతిగా నుండును; తరువాత ముద్రాలయమునుండి ప్రూఫు వచ్చును; దానిని దిద్దినపిమ్మటనే అచ్చు పడును. వెబ్‌సైటునకు లోకల్ సర్వరు చిత్తుప్రతి వంటిది, టెస్టింగ్ సర్వరు ప్రూఫు వంటిది, రిమోట్ సర్వరు అచ్చైన పత్రిక వంటిది. భేద మొక్కటే. అచ్చైన పత్రికను ఎవరును మరల దిద్దలేరు. రిమోట్ సర్వరులోని పుటను ఏ క్షణమునందైనను దిద్దవచ్చును. సౌకర్యముగా తోచు ఈ భేదమే చిక్కులన్నిటికిని మూలము.

లోకల్ సర్వరును ఏర్పఱచుకొనుట కష్టము కాదు. అపాచీ, మరియాడీబీ, పీహెచ్‌పీ మొదలగు వానిని ఒక్కచోట చేర్చి యిచ్చు గ్జాంప్ వంటి సాధనములు వెల లేకుండ లభించుచున్నవి. దానిని స్థాపించి, బ్రౌజరునందు లోకల్‌హోస్ట్ అనిగాని 127.0.0.1 అనిగాని వ్రాసినచో మన కంప్యూటరే మనకు పుటను అందించును. పీహెచ్‌పీతో వ్రాసిన పుటను సర్వరు లేకుండ నేరుగా బ్రౌజరునందు తెఱచి, ఏమియు పనిచేయుట లేదని విచారించు బాలురు ఈ సంగతిని గమనింపవలెను.

ఇంతవఱకు అందఱును అంగీకరింతురు. "నా కంప్యూటరులో బాగుగనే యున్నది గదా, నడుమ టెస్టింగ్ సర్వరు ఏల?" యని వెంటనే అడుగుదురు. ఆ బాగుగనే అను మాటలోనే మోసమున్నది. విండోస్ కంప్యూటరు ఫైళ్ల పేర్లలో పెద్ద ఇంగ్లీషు అక్షరములకును చిన్న అక్షరములకును సామాన్యముగా భేదము పాటింపదు, లైనక్స్ పాటించును. రిమోట్ సర్వరులు పెక్కింటియందు లైనక్సే యుండును. కావున ఇంటివద్ద కనబడిన చిత్రము అక్కడ మాయమగును. తెలుగువారమగు మనకు ఇంతకంటె గొప్ప చిక్కు మఱియొకటి కలదు. తెలుగు లిపి 1991లోనే యూనికోడునందు చేరినది. యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరసంకేత మొక్కొక్కటి 3 బైట్లు ఆక్రమించును. లోకల్ డేటాబేసును ఆ పద్ధతికి సరిచేసి, రిమోట్ డేటాబేసును పాత లాటిన్ పద్ధతియందే విడిచినచో, విద్యార్థుల పేరులు వరుసగా ప్రశ్నార్థకచిహ్నములై నిలువయగుటయు కలదు. అట్లు నిలువయైన పేరు మరల రాదు. ప్రవేశ దరఖాస్తులు వచ్చు దినమున ఇట్లు జరిగినచో ఏ తండ్రికి ఏమని సమాధానము చెప్పగలము?

ఆ కారణముచేత టెస్టింగ్ సర్వరు సాధ్యమైనంతవఱకు రిమోట్ సర్వరునకు కవలసోదరివలె నుండవలెను: అదే ఆపరేటింగ్ సిస్టము, అదే పీహెచ్‌పీ, అవే డేటాబేసు నియమములు. దానికి పాస్‌వర్డు తప్పనిసరి. లేనిచో గూగుల్ వంటి శోధనయంత్రములు దానిని కనుగొని సగము వ్రాసిన పుటలను లోకమునకు చూపగలవు. మఱియు నిజమైన బాలబాలికల పేరులు, మార్కులు, ఫోను నంబర్లు అందుంచరాదు. మన దేశపు 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 సంవత్సరములు నిండని వారినందఱను బాలలుగనే పరిగణించుచున్నది. కల్పిత నామములతో పరీక్షించుటకు ఏమి లోటు?

రిమోట్ సర్వరునకు ఫైళ్లను ఎస్ఎఫ్‌టీపీ మార్గముననే పంపవలెను; పాత ఎఫ్‌టీపీ పాస్‌వర్డును మఱుగు లేకుండ పంపును. అక్కడికి చేరిన పుటను అక్కడనే దిద్దుటను నేను గట్టిగా నిరాకరింతును. ఒక్క అక్షరమే గదా యని దిద్దినచో, మఱునాడు లోకల్ ప్రతిని పంపగానే ఆ దిద్దుబాటు తుడిచిపెట్టుకొని పోవును. తప్పు మరల ప్రత్యక్షమగును.

ఇవన్నియు పెద్ద సంస్థలకు గాని పాఠశాలకు ఏల యని కొందఱందురు. పెద్ద సంస్థలే పొరబడుచున్నవి. 2017 జనవరి 31వ తేదీన గిట్‌ల్యాబ్ సంస్థ ఉద్యోగి యొకడు, రెండవ డేటాబేసు సర్వరులో నున్నానని భ్రమించి, ప్రధాన సర్వరులోని దత్తాంశమును తొలగించెను. తెలిసికొని ఆపునప్పటికి సుమారు 300 గిగాబైట్లు పోయినవి. నమ్ముకొన్న రక్షణప్రతులు అక్కఱకు రాలేదు. కడకు ఆదుకొన్న దేమి? పరీక్షాసర్వరు కొఱకని సుమారు 6 గంటలకు ముందు తీసియుంచిన ప్రతి! ఆ 6 గంటల సమాచారము మాత్రము పోయినది. తాను ఏ సర్వరులో నున్నాడో ఎఱుగకుండుట యొక ప్రమాదము. పరీక్షాసర్వరు ఉండుట యొక రక్షణ. రెండును ఒక్క రాత్రియందే ఋజువైనవి.

ఖర్చు ఎక్కువ యనుటయు సరికాదు. లోకల్ సర్వరు వెలలేనిది. టెస్టింగ్ సర్వరునకై వేఱు యంత్రము కొననక్కఱలేదు. ఉన్న హోస్టింగులోనే ఉపడొమైను నొకదానిని, వేఱు డేటాబేసు నొకదానిని ఏర్పఱచినచో పాఠశాల మట్టునకు చాలును. డేటాబేసును మాత్రము ఎన్నడును ఉమ్మడిగా నుంచరాదు.

మన కంప్యూటరు తరగతియందు రిమోట్ పాస్‌వర్డును ఉపాధ్యాయునకును ఒక్క విద్యార్థినాయకునకును మాత్రమే యిచ్చి, తక్కినవారికందఱకును లోకల్ సర్వరును, టెస్టింగ్ సర్వరును విడిచిపెట్టవలెనని నా సూచన. టెస్టింగ్ పుటల శిరోభాగమున పసుపుపచ్చని పట్టీ యొకటి వేసి "ఇది పరీక్షాప్రతి" యని పెద్ద అక్షరములతో వ్రాయుడు; రంగులు వేయు ముచ్చటయు అక్కడనే తీరును.