గర్భిణియు, కల్లును



ఉంగుటూరు ప్రాంతమున తాటిచెట్లకు కొదవ లేదు. కల్లు చలువయనియు, గర్భిణికి గుక్కెడు మంచిదేయనియు పలుకువారు గలరు. ఆ మాట నమ్మరాదు. చెట్టునుండి దింపిన తీపినీరు కొలది గంటలలోనే పులిసి మద్యమగును. తల్లి త్రాగిన మద్యము మాయను దాటి శిశువు రక్తమున జేరును. దానిని హరించు శక్తి శిశువునకు చాలదు, మెదడు చెడును. ఏ నెలయందైనను, ఎంత కొంచెమైనను నిరపాయమని చెప్పదగినది లేదు. 1973లో అమెరికాలోని సియాటిల్ వైద్యులు జోన్సు, స్మిత్తులు ఈ వ్యాధికి పేరిడిరి.

ఇట్టి బిడ్డలలో కొందరికి పైపెదవి పలుచగను, కన్నులు చిన్నవిగను నుండును; పెక్కుమందికి ముఖమున నే గురుతును నుండదు. నేడు నేర్చినది రేపు మరచెదరు, నిలుకడ యుండదు. అది పొగరు గాదు, దెబ్బలకు పోదు. ఒక్కొక్క పనినే చెప్పి, నిత్యము నొకే వేళకు జేయించుచు, భవిత కేంద్రమునకు గొనిపోయిన మేలు కలుగును.

తల్లిని నిందింపకుడు. నిందకు వెరచి యామె దాచినచో బిడ్డకు సాయమందదు. త్రాగుట నేడు మానినను లాభమే. అలవాటు ముదిరినవారు మాత్రము వైద్యుని చెంతనే మానవలెను. భర్తయు ఆ తొమ్మిది నెలలు సీసాను గడప దాటనీయకుండిన, ఆమెకు అంతకుమించిన సీమంతము లేదు.