రెండవ కెమెరా: భారమా, భరోసానా?

ఛాయాగ్రహణం మీద అభిరుచి గల సహోద్యోగులు, వారి కుటుంబ సభ్యులు మమ్ములను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "ఒక కెమెరా ఉండగా మరొకటి ఎందుకండీ? అది ఆడంబరం కాదా?" అని. అడిగేవారిలో కొందరు రెండవ కెమెరా కొనదలచినవారు, మరికొందరు వారి శ్రీమతులు. ఉభయ పక్షాలకూ న్యాయం జరిగేలా ఒక్క మాటలో జవాబు చెప్పడం సాధ్యం కాదు. అందుచేత ఈ సంచికలో ఈ శీర్షికను ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

మన కర్మాగారాలలో ముఖ్యమైన పంపులు జంటగా ఉంటాయి. ఒకటి నడుస్తూ ఉంటే రెండవది స్టాండ్‌బైగా నిలిచి ఉంటుంది. ఆ రెండవ పంపును చూసి ఇది ఆడంబరమని ఎవరూ అనరు. పంపు ఆగితే ఏమి ఆగుతుందో, అందుకయ్యే నష్టమెంతో ముందే లెక్కగట్టి దానిని అక్కడ పెట్టారు. కెమెరా విషయంలోనూ వేసుకోవలసిన ప్రశ్న అదే. ఈ క్షణంలో ఇది ఆగిపోతే పోయేదేమిటి? పోయినది మళ్ళీ దొరుకుతుందా? పెరటిలో మందారం రేపు కూడా పూస్తుంది. మాంగల్యధారణ రేపు జరగదు.

తిరిగి రాని క్షణం

ఇందుకు మేముంటున్న పుదుచ్చేరి పట్టణమే ఒక గొప్ప ఉదాహరణ. ప్రఖ్యాత ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియే బ్రెసాన్ 1950 ఏప్రిల్‌లో ఇక్కడికి వచ్చి, అరవిందాశ్రమంలో శ్రీ అరవిందులను ఫోటో తీశారు. అంతకు ముందు దాదాపు మూడు దశాబ్దాలుగా శ్రీ అరవిందుల ఛాయాచిత్రాలు తీయడానికి అవకాశమే లేదు. ఆ సంవత్సరం డిసెంబరు 5న శ్రీ అరవిందులు పరమపదించారు. అంటే మధ్య వయసుకూ వార్ధక్యానికీ నడుమ గల ఆ విరామాన్ని పూడ్చిన చిత్రాలు ఆ కొద్ది రోజులలో తీసినవే. ఆనాడు కెమెరా మొరాయించి ఉంటే, మరమ్మతు చేయించుకొని మరుసటి ఏడు వద్దామనుకోవడానికి వీలుండేది కాదు.

కార్టియే బ్రెసాన్ అనగానే చిన్న లైకా కెమెరా, 50 మిల్లీమీటర్ల లెన్సు జ్ఞాపకం వస్తాయి. తక్కువ బరువుతో ఎక్కువ చూడటం ఆయన పద్ధతి. ఆయన మిత్రుడు, 1947లో ఆయనతో కలిసి మాగ్నమ్ సంస్థను స్థాపించిన రాబర్ట్ కాపా పద్ధతి వేరు. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో సైనికులతో పాటు దిగినప్పుడు కాపా వెంట రెండు కాంటాక్స్ కెమెరాలున్నాయి. నడుము లోతు నీటిలో, తుపాకీ గుండ్ల మధ్య ఫిల్ము మార్చడమంటే ఎంత కష్టమో ఊహించవచ్చు. ఒకే వృత్తిలో ఉన్న ఇద్దరు మహనీయులు రెండు భిన్నమైన మార్గాలు ఎంచుకున్నారంటే, రెండింటికీ తగిన కారణాలున్నాయన్నమాట.

రెండు కెమెరాల ప్రయోజనాలు

మా లెక్కలో ఇవి మూడు. మొదటిది ఇప్పటికే చెప్పిన భరోసా. రెండవది లెన్సు మార్చే అవసరం తప్పడం. మూడవది ఫిల్ము రోజులకు చెందినది: ఒక కెమెరాలో రంగుల ఫిల్ము, రెండవదానిలో నలుపు తెలుపు ఫిల్ము, లేదా ఒకదానిలో మందగతి ఫిల్ము, రెండవదానిలో వేగవంతమైన ఫిల్ము. ఆగ్ఫా క్లిక్ త్రీతో ఛాయాగ్రహణం మొదలుపెట్టిన మా తరం వారికి ఒకసారి రోలు వేస్తే అది పూర్తయ్యేదాకా మార్పు లేదన్న సంగతి బాగా తెలుసు. డిజిటల్ కెమెరాలో ఒక మీట తిప్పితే ఐఎస్ఓ మారుతుంది గనుక ఈ మూడవ ప్రయోజనం ఇప్పుడు లేదు. మిగిలిన రెండూ చెక్కుచెదరలేదు.

లెన్సు మార్చడంలో కష్టమేమిటో తెలియాలంటే మాసి మగం నాడు వైత్తికుప్పం సముద్రతీరానికి రావాలి. చుట్టుపక్కల అనేక ఆలయాల నుండి ఉత్సవమూర్తులను తీర్థవారికి అక్కడికి తీసుకొస్తారు. ఇసుక రేగుతూ ఉంటుంది, ఉప్పుగాలి వీస్తూ ఉంటుంది, నాలుగు వైపుల నుండి జనం తోస్తూ ఉంటారు. ఒక క్షణం విశాలమైన జనసముద్రం కావాలి, మరుక్షణం దూరాన పల్లకిలో స్వామి ముఖం కావాలి. అక్కడ లెన్సు విప్పితే లోపలి సెన్సారు మీదికి ఇసుకకు స్వయంగా ఆహ్వానం పలికినట్లే. లెన్సు మార్చి తలెత్తేసరికి స్వామి వెళ్ళిపోయి ఉంటారు. భుజాన ఒకటి, మెడలో ఒకటి ఉన్నవారికి ఆ బెంగ లేదు.

జంట కుదర్చడం ఎలా?

ఇక అసలు విషయానికి వద్దాం. ఏ రెండు కెమెరాలు జోడీ కడతాయి? పెళ్ళి సంబంధం లాగా ఇక్కడ కూడా కొన్ని పొంతనలు చూడాలి.

మొదటి పొంతన మౌంటు, అంటే లెన్సు బిగించే ముఖద్వారం. ఇది రెండింటికీ ఒకటే కావాలి. ఒక కెమెరా పాడైతే మిగిలినది రెండు లెన్సులనూ స్వీకరించాలి గదా! పాత ఎస్ఎల్ఆర్ తరహా కెమెరా ఉండి, కొత్తగా అద్దం లేని మిర్రర్‌లెస్ కొనేవారు ఇక్కడ జాగ్రత్త పడాలి. నికాన్ గాని, కెనన్ గాని, పాత లెన్సును అడాప్టరు ద్వారా కొత్త కెమెరాకు బిగించవచ్చు. కొత్త లెన్సును పాత కెమెరాకు బిగించలేము. అది ఏకముఖ మార్గం. కొత్త కెమెరా ఆగిన రోజున దాని లెన్సులు కూడా దానితో పాటే ఆగిపోతాయి.

రెండవది బ్యాటరీ. ఒకే సంస్థ తయారు చేసినంత మాత్రాన బ్యాటరీ ఒకటే అనుకోరాదు. సోనీ ఎ7 మూడవ తరం కెమెరాకు, అదే సంస్థ ఎ6400కు లెన్సు మౌంటు ఒకటే, కాని బ్యాటరీలు వేరు. రెండు ఛార్జర్లు, రెండు రకాల అదనపు బ్యాటరీలు మోయక తప్పదు. ఎ6600కు మాత్రం ఎ7 మూడవ తరం బ్యాటరీయే సరిపోతుంది.

మూడవది మెమరీ కార్డు. నాలుగవది మీటల అమరిక. కన్ను దృశ్యం మీద ఉండగా వేలు దానంతట అదే సరైన మీట మీదికి పోవాలి. కుడివైపు తిప్పవలసినది రెండవ కెమెరాలో ఎడమవైపు ఉంటే తొందరలో తప్పటడుగు తప్పదు.

ఇటువంటి పొంతనలు కుదిరిన జంటలు ఫిల్ము కాలంలోనే ఉన్నాయి. 1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం2, మరుసటి ఏడు వచ్చిన ఎఫ్ఈ2 చక్కటి ఉదాహరణ. రెండింటి ఆకారం, లెన్సులు, మోటారు డ్రైవు ఒకటే. కాని ఎఫ్ఎం2 షట్టరు పూర్తిగా యాంత్రికం. బ్యాటరీ అయిపోతే లైట్ మీటరు మాత్రమే ఆగుతుంది, కెమెరా నడుస్తుంది. ఎఫ్ఈ2 షట్టరు ఎలక్ట్రానిక్, ఎక్స్‌పోజరును అదే నిర్ణయించగలదు. ఒకటి వేగానికి, ఒకటి ధైర్యానికి. పైకి కవలలు, లోపల భిన్నులు. ఇంజనీరు మెచ్చే జంట అంటే ఇదే.

డిజిటల్‌లో నికాన్ డి850, డి500 అటువంటివి. 2017 నాటి డి850 పూర్తి చట్రం, అనగా ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 45.7 మెగాపిక్సెళ్ళది. 2016 నాటి డి500 చిన్న సెన్సారు కెమెరా, 20.9 మెగాపిక్సెళ్ళది, సెకనుకు 10 ఫోటోలు తీయగలదు. రెండింటికీ బ్యాటరీ ఒకటే జాతి, కార్డులూ ఒకటే జాతి. డి500 ఉత్పత్తి ఆగిపోయినా, బాగా వాడిన పాత కెమెరాగా అది నేటికీ విలువైనదే. కెనన్‌లో 5డి మార్క్ 4, 7డి మార్క్ 2 ఆ విధమైనవి. మిర్రర్‌లెస్‌లో 2022లో వచ్చిన ఆర్6 మార్క్ 2, ఆర్7 జంటకు బ్యాటరీ ఒకటే. రెండింటిలోనూ రెండేసి ఎస్‌డీ కార్డులు పడతాయి.

ఇటువంటి అసమాన జంటలో ఏ లెన్సు దేనికి బిగించాలన్న సందేహం వస్తుంది. నికాన్ చిన్న సెన్సారు మీద లెన్సు దృష్టి 1.5 రెట్లు ఇరుకవుతుంది. అక్కడ 70-200 లెన్సు 105-300 లాగా పనిచేస్తుంది, దూరపు దృశ్యాలకు ఇది లాభం. అదే కెమెరాకు 24-70 బిగిస్తే 36-105 అవుతుంది, విశాలత్వం పోతుంది. కాబట్టి విశాలమైన లెన్సు పెద్ద సెన్సారుకు, దూరపు లెన్సు చిన్న సెన్సారుకు. 70 నుండి 105 వరకు కొంత ఖాళీ మిగులుతుంది. దానిని రెండడుగులు ముందుకు వేసి పూడ్చుకోవచ్చు.

భరోసా ఎప్పుడు నిజం, ఎప్పుడు భ్రమ?

ఒక కెమెరా ఒక రోజులో పాడయ్యే అవకాశం 200లో ఒకటి అనుకుందాం. రెండూ అదే రోజున పాడయ్యే అవకాశం 200ను 200తో గుణించగా 40,000లో ఒకటి. లెక్క వినడానికి ఎంతో హాయిగా ఉన్నది. అయితే ఈ లెక్క ఒక షరతు మీద నిలబడుతుంది: రెండింటి వైఫల్యాలకూ ఉమ్మడి కారణం ఉండకూడదు. స్టాండ్‌బై పంపుకు కూడా కరెంటు అదే ఫీడరు నుండి వస్తుంటే, ఫీడరు పోయిన నాడు రెండూ పోతాయి. కెమెరాలకూ అంతే. రెండింటి బ్యాటరీలకూ ఒకే ఛార్జరు ఉండి అది కాలిపోతే? రెండూ ఉన్న సంచీ అల తాకిడికి తడిస్తే? అందుచేత ఛార్జర్లు రెండు ఉండాలి. ప్రయాణంలో కెమెరాలను రెండు సంచుల్లో పెట్టాలి. స్టాండ్‌బై పంపును అప్పుడప్పుడు నడిపి చూసినట్లు రెండవ కెమెరాను కూడా క్రమం తప్పకుండా వాడాలి. బీరువాలో నిద్రపోయే కెమెరా భరోసా కాదు.

కొన్నేళ్ళ క్రితం పుదుచ్చేరిలో స్థిరపడిన ఒక తెలుగు మిత్రుని ఇంట పెళ్ళికి మేము ఫోటోలు తీస్తున్నాము. సుముహూర్తానికి కొద్ది నిమిషాల ముందు ఒక కెమెరా షట్టరు బిగుసుకుపోయింది. భుజానున్న రెండవదానితో పని సాగించాము. తలంబ్రాల తరువాత యానాం నుండి వచ్చిన అమ్మమ్మగారు మనవరాలి తల మీద అక్షింతలు వేసి, ఆ చేతిని అలాగే ఉంచి కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ ఏడాది తిరగకుండానే ఆమె స్వర్గస్థులయ్యారు. ఈనాడు ఆ ఇంటి హాలులో ఉన్న పటం ఆ రెండవ కెమెరా తీసినదే. దాని ధర ఎంతని ఆ ఇంటివారిని ఎవరూ అడగలేదు.

సముద్రతీర వాసులకు ప్రత్యేకంగా

రెండు కెమెరాలుంటే సంరక్షణ కూడా రెండింతలు. ఏసీ గదిలో చల్లబడిన కెమెరాను తెల్లవారుజామున బీచ్ రోడ్డుకు తెచ్చి మూత తీస్తే లెన్సు మీద తేమ కమ్ముతుంది. సూర్యోదయం మన కోసం ఆగదు. సంచీ మూసి ఉంచి, అరగంట ముందే బయట పెడితే కెమెరా వెచ్చబడుతుంది. ఇంటికి రాగానే మంచినీటితో కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో ఉప్పు తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టాలి. నిల్వ చేసే డబ్బాలో సిలికా జెల్ ఉంచాలి. ట్రాన్స్‌ఫార్మర్ బ్రీదరులో నీలం గులాబీ రంగుకు తిరిగితే ఏమి చేయాలో మన విద్యుత్ విభాగం సోదరులకు చెప్పనక్కరలేదు. ఇక్కడా అదే సూత్రం.

రంగుల సంగతి మరొకటి. పుదుచ్చేరి ఫ్రెంచి వీధుల పసుపు గోడలను ఒక కెమెరా పండిన మామిడిలా, మరొకటి లేత నిమ్మలా చూపిస్తే ఆల్బమ్ అతుకుల బొంతలా ఉంటుంది. ఎండలో రెండింటి వైట్ బ్యాలెన్సునూ ఆటోలో వదలక 5200 కెల్విన్ వంటి ఒకే విలువకు పెట్టి, రా ఫైళ్ళుగా తీస్తే తరువాత సరిచేయడం తేలిక. గడియారాలు కూడా కలపాలి. రెండింటి మధ్య పది నిమిషాలు తేడా ఉంటే కంప్యూటరులో జీలకర్ర బెల్లం కంటే ముందే తలంబ్రాలు పడతాయి!

ఎవరికి అవసరం?

ఇంత చెప్పిన తరువాత ఖర్చు, బరువు సంగతి దాచడం ధర్మం కాదు. డి850, డి500లను నికాన్ 24-70, 70-200 ఎఫ్2.8 కొత్త తరం లెన్సులతో మోస్తే సుమారు 4.4 కిలోలు. మే నెల ఎండలో ఆ బరువు సాయంత్రానికి రెట్టింపయినట్లు అనిపిస్తుంది. విహారయాత్రలకు, పిల్లల పుట్టినరోజులకు ఒక కెమెరా చాలు. జేబులోని మొబైల్ ఫోనే ఆపద్ధర్మానికి రెండవ కెమెరా. ఇతరుల శుభకార్యాలకు మాట ఇచ్చి వెళ్ళేవారికి, తిరిగి రాని సందర్భాలను నమోదు చేసేవారికి మాత్రం రెండవది ఉండి తీరవలె.

అటువంటివారికి కూడా ఒకేసారి రెండు కొత్తవి కొనమని మేము చెప్పము. కొత్తది కొన్నప్పుడు పాతదానిని అయినకాడికి అమ్మకుండా అట్టే పెట్టుకోండి. కొనబోయే కొత్తది పాతదాని లెన్సులకు, బ్యాటరీకి, కార్డుకు పొంతన కుదిరేదిగా చూసుకోండి. ప్రావిడెంట్ ఫండ్ అప్పు దాకా పోకుండా జంట కుదరడానికి ఇదే దగ్గరి దారి. శ్రీమతుల ఆమోదం కూడా ఇందుకు త్వరగా లభిస్తుందని మా అనుభవం.

వచ్చే సంచికలో త్రిపాది, అనగా ట్రైపాడ్, ఎంపిక గురించి ముచ్చటించుకుందాం.