దీపం ఆరలేదు.. కొలువు మారింది!

నౌపడ స్టేషన్లో బండి కోసం ఎదురుచూసే కుర్రాళ్లను అడిగి చూడండి. విశాఖకో, హైదరాబాద్‌కో, చెన్నైకో పోతున్నామంటారు. ‘మూలపేట పోర్టు పూర్తయితే ఇక్కడే ఉద్యోగాలొస్తాయి కదా’ అని కూడా అంటారు. నిజంగా వస్తాయా? జవాబు కోసం ఓసారి కళింగపట్నం వెళ్లి రావాలి.

వంశధార సముద్రంలో కలిసే ఆ ఊళ్లో 1876 నాటి లైట్‌హౌస్ ఉంది. ఒకప్పుడక్కడ ఓడలు ఆగేవి. రైలు వచ్చాక, 1933లో విశాఖ పోర్టు ప్రారంభమయ్యాక అలాంటి చిన్న రేవులు నిలవలేకపోయాయి. రేవు పోయినా దీపం మిగిలింది. ఫోన్లోనే జీపీఎస్ ఉంటే ఇంకా ఈ దీపం ఎందుకంటారా? ఉపగ్రహ సిగ్నల్ పోవచ్చు, యంత్రం మొరాయించవచ్చు. రాత్రివేళ తీరానికి తిరిగొచ్చే మత్స్యకారుడికి కంటికి కనిపించే వెలుగే ధైర్యం.

మారింది పనే. పూర్వం లైట్‌హౌస్‌లో నూనె దీపం వెలిగించి రాత్రంతా కాపలా కాసేవారు. ఇప్పుడు ఎల్‌ఈడీలు, సోలార్ ప్యానెళ్లు, ఓడ పేరు, వేగం, ఉన్న చోటు చెప్పే ఏఐఎస్ వ్యవస్థలు వచ్చాయి. వత్తి సరిచేసే చేతికి బదులు సర్క్యూట్ తెలిసిన చెయ్యి కావాలి. 1927 నాటి లైట్‌హౌస్ చట్టం స్థానంలో 2021లో వచ్చిన కొత్త చట్టం సిబ్బందికి శిక్షణ, ధ్రువపత్రం గురించి కూడా చెబుతోంది.

మూలపేటకూ ఇదే వర్తిస్తుంది. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన ఈ పోర్టు నౌపడ ఉన్న సంతబొమ్మాళి మండలంలోనే ఉంది. ఊరి పక్కన ఉన్నంత మాత్రాన పోర్టు మనల్ని పిలిచి కొలువివ్వదు. క్రేన్ నడపడం, ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్, కస్టమ్స్ కాగితాలు, సరకు లెక్కలు తెలిసినవాళ్లను ఎక్కడినుంచైనా తెచ్చుకుంటుంది. అందుకే మొదటి ఓడ రాకముందే ఉప్పు మడుల్లో, వేటలో బతికే కుటుంబాల పిల్లలకు ఇక్కడే శిక్షణ మొదలవ్వాలి. ప్రభుత్వం ఆ పని పోర్టు పూర్తయ్యాక చేస్తే ఆలస్యమే.

మీరు మాత్రం అప్పటిదాకా ఆగకండి. ఐటీఐ, డిప్లొమా చదివేవాళ్లు ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ మీద పట్టు తెచ్చుకోండి. ఇంటర్ ఎంపీసీ వాళ్లకు ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష ఉంది. విశాఖలోనూ దానికి క్యాంపస్ ఉంది. పదో తరగతి అర్హతతో ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సు చేసి ఓడ ఎక్కొచ్చు. అయితే ఓడలో ఉద్యోగమంటూ లక్షలు అడిగే ఏజెంట్లతో జాగ్రత్త! డీజీ షిప్పింగ్ లైసెన్స్ ఉందో లేదో చూడకుండా రూపాయి కూడా కట్టొద్దు.

దీపం దారి చూపిస్తుంది. ఓడ నడుపుకోవాల్సింది మనమే.