అప్పు ఇద్దరిది, ఇల్లు ఒకరిదేనా?

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో అద్దె ఇంటి నుంచి సొంత ఇంటికి మారాలనుకునే మన కుటుంబాలకు ఒక్కరి సంపాదన చాలడం లేదు. మెకానిక్ షెడ్డు నడుపుకునే భర్త, కుట్టుపని చేసే భార్య కలిసి గృహరుణానికి దరఖాస్తు పెట్టుకోవలసి వస్తున్నది. ఈ దరఖాస్తు వెనుక రెండు హక్కుల ప్రశ్నలున్నాయి. ఒకటి మనం బ్యాంకును అడగవలసినది. రెండవది మన ఇంట్లో మనమే వేసుకోవలసినది.

వడ్డీ విషయంలో ఎందరికో మనసొప్పదన్న సంగతి మాకు తెలుసు. వడ్డీ లేని బ్యాంకింగుకు వీలు కల్పించాలని 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సూచించింది. ఆ దిశగా ముందుకు వెళ్లబోమని రిజర్వు బ్యాంకు 2017లో తేల్చిచెప్పింది. ఈ స్థితిలో రుణం తీసుకోవడమా, మానడమా అన్నది ఆయా కుటుంబాలు తమ అంతరాత్మతో, ఆలిములతో సంప్రదించి నిర్ణయించుకోవలసిన విషయం. తీసుకోదలచినవారు మాత్రం లెక్కలూ హక్కులూ తెలుసుకుని అడుగు వేయాలని మా విన్నపం.

కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా నివసించే ప్రాంతాలను రుణాలకు పనికిరాని ప్రాంతాలుగా గుర్తించి పక్కన పెడుతున్నాయని 2006లో సచార్ కమిటీ బయటపెట్టింది. మైనారిటీల జనాభా కనీసం 25 శాతం ఉన్న 121 జిల్లాల్లో రుణాల తీరును ప్రత్యేకంగా గమనించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. చికాకోల్ ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ కాలం నుంచి ఇక్కడ వేళ్లూనుకుని ఉన్నా, ఈ రెండు జిల్లాల్లో మన జనాభా ఒక శాతం కూడా లేదు. కనుక ఆ జాబితా మనకు అక్కరకు రాదు. మనకు అండ ప్రతి పౌరునికీ వర్తించే నిబంధనలే. మతం, కులం, లింగం ఆధారంగా రుణాల్లో వివక్ష చూపరాదని రిజర్వు బ్యాంకు నియమావళి స్పష్టంగా చెబుతున్నది. దరఖాస్తు అందినట్లు రసీదు ఇవ్వాలి. తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలి. మేనేజరు నోటిమాటగా ‘కుదరదు’ అంటే లేచి రాకండి. కాగితం అడగండి. ఆ కాగితం లేనిదే వివక్షను నిరూపించడం కష్టం. బ్యాంకుకు రాసిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు.

అయితే ప్రతి తిరస్కరణా వివక్ష కాదు. సంపాదన చేతికి చేయి మారిపోతే బ్యాంకుకు కనిపించదు. భార్య కుట్టుపని రాబడి ఆమె ఖాతాలోనే జమ కావాలి. దంపతులిద్దరూ తమ క్రెడిట్ నివేదికలను ముందే చూసుకోవాలి. వీటిని ఏడాదికి ఒకసారి ఉచితంగా పొందవచ్చు. అనుమతి లేని లేఅవుట్లో స్థలానికి బయానా ఇచ్చి ఆ తరువాత బ్యాంకుకు వెళ్లడం చేజేతులా చేసుకునే నష్టం. రుణం 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతానికి మించి బ్యాంకు ఇవ్వరాదు. 25 లక్షల ఇంటికి రెండున్నర లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చులు చేతిలో ఉండాలి. 20 లక్షలు 20 ఏళ్లకు 9 శాతం వడ్డీపై తీసుకుంటే నెలవారీ కిస్తీ సుమారు 18 వేలు. మొత్తం చెల్లించేది 43 లక్షల పైమాటే.

ఇక రెండవ ప్రశ్న. ఆ తొలి సొమ్ము చాలా ఇళ్లలో భార్య మహర్ నుంచి, ఆమె నగల నుంచి వస్తున్నది. రుణపత్రంపై ఆమె సంతకం ఉంటుంది. దస్తావేజులో మాత్రం భర్త పేరొక్కటే ఉంటుంది. సహ యజమానిని రుణంలో చేర్చుకోవాలని బ్యాంకు పట్టుబడుతుంది గాని, రుణంలో చేరిన భార్యను యజమానిగా చేర్చమని పట్టుబట్టదు. ఫలితమేమిటి? కిస్తీలు ఆగిపోతే మొత్తం అప్పుకు ఆమె కూడా బాధ్యురాలు. భర్త మరణిస్తే, పిల్లలున్నప్పుడు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో వారసత్వంగా ఆమెకు వచ్చేది ఎనిమిదో వంతు. షరియత్ ఆ వాటాను నిర్ణయించింది భర్త ఆస్తిలో. ఆమె సొంత సొమ్ము ఆమెదేనని చెప్పిందీ అదే షరియత్. ఆమె డబ్బును భర్త పేరిట రాయించి, ఆపైన అందులో ఎనిమిదో వంతు ఇవ్వడం న్యాయమూ కాదు, ధర్మమూ కాదు. దస్తావేజులో చెరి సగం రాయించుకుంటే సగం మొదటి నుంచీ ఆమెదే. వారసత్వం మిగతా సగానికే వర్తిస్తుంది. తరువాత వీలునామాతో సరిచేయవచ్చు అనుకుంటే పొరపాటు. మిగతా వారసుల సమ్మతి లేనిదే వారసురాలైన భార్యకు రాసిన వీలునామా చెల్లదు. పాత పన్ను విధానంలో గృహరుణ రాయితీ కూడా యజమానిగా పేరున్నవారికే దక్కుతుంది.

బ్యాంకు మనల్ని సమానంగా చూడాలని కోరే హక్కు మనకుంది. మన ఇంటి దస్తావేజులో ఆ సమానత్వం లేనప్పుడు ఆ కోరికకు బలమెక్కడిది? మసీదు కమిటీలు, ఖాజీలు, చదువుకున్న యువకులు ఈ మాటను ప్రతి కుటుంబానికీ చేరవేయాలి. అప్పుపై ఎవరి సంతకం ఉందో, ఇంటిపై వారి పేరు ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు ముందే, వాటాలు స్పష్టంగా రాసి మరీ ఉండాలి.