ఫారం-బిలో చేపల గడి ఖాళీగా వదలకండి

ఎండాకాలం జోలాపుట్‌లో నీళ్లు వెనక్కి పోతే చేప ఒడ్డుకు దగ్గరవుతుంది. పనుల్లేని నెలల్లో మనోళ్లకి కూరా అదే, చేతిఖర్చూ అదే. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ కరెంటు కోసం ఆ నీళ్ల కింద మునిగినవి ఆదివాసీల ఊళ్లు, పొలాలు. అక్కడే వలేస్తే ‘ఎవర్నడిగి వేశావ్?’ అంటే ఒళ్లు మండదా?

జోలాపుట్ ప్రాజెక్టు నీరు, ఆ పోరాటం వేరు. కానీ అడవిలోని మన చెరువులు, మడుగులు, గెడ్డల సంగతేంటి? పోడు పట్టా అంటే అందరం పరిగెడతాం, చేపలు మాత్రం గుర్తుండవు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) చదవండి. నీటి వనరుల్లో చేపల మీద సామూహిక హక్కు అని రాసే ఉంది. గ్రామసభలో ఫారం-బి నింపేటప్పుడు ఆ గడి కూడా నింపించండి.

సాక్ష్యమా? రూల్ 13 ప్రకారం చేపలు పట్టే చోటు ఒక సాక్ష్యం, రాసిపెట్టిన పెద్దల మాట ఇంకొకటి. ఒకటి చాలదు, రెండూ పెట్టండి. తాత ఏ రాయి మీద కూచుని గాలం వేసేవాడో, అమ్మమ్మ ఏ మలుపులో బుట్టతో జెల్లలు పట్టేదో ఇప్పుడే రాయించండి, ఫోన్లో ఫొటో తీయండి. వానలు పడితే ఆ రాళ్లు కనపడవు.